సగటుకు అందని బతుకులు

తలసరి ఆదాయంలో తెలంగాణ జిల్లాలన్నింటిలోకీ రంగారెడ్డిదే మొదటి స్థానం. గచ్చిబౌలి అద్దాల మేడలు ఆ జిల్లావే. బోరు ఎండిపోతే మబ్బుకేసి చూస్తూ కూర్చునే మాడ్గుల, తలకొండపల్లి రైతులూ ఆ జిల్లావారే. మొత్తం ఆదాయాన్ని జనాభాతో భాగించగానే ఆ రైతు కాగితం మీద సంపన్నుడైపోతాడు. చేతికి రాని డబ్బు అతని తల మీద లెక్కపడుతుంది. జీవన ప్రమాణాల గురించి ఏ చర్చ జరిగినా మాకు ముందు గుర్తుకు వచ్చేది ఈ అన్యాయమే.

ఇది కొత్తగా కనిపెట్టిన లోపం కాదు. 1934లో అమెరికా కాంగ్రెస్‌కు జాతీయాదాయ లెక్కలు సమర్పించిన ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్, ఆ అంకెను చూసి జాతి క్షేమాన్ని అంచనా వేయడం కుదరదని అదే నివేదికలో హెచ్చరించారు. ప్రభుత్వాలు అంకెను తీసుకుని హెచ్చరికను వదిలేశాయి. 1990లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ద్వారా పాకిస్థాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ మానవాభివృద్ధి సూచీని తెచ్చారు. ఆయుర్దాయం, చదువు, ఆదాయం కలిపి చూసే కొలత అది. బతుకంతటినీ ఒక్క అంకెలో ఇమడ్చడం ఏమిటని ఆయన మిత్రుడు అమర్త్యసేన్ మొదట సందేహించారు. ఆదాయపు అంకెను పక్కకు జరపాలంటే అంత తేలికైన అంకే కావాలని హక్ పట్టుబట్టారు. హక్ చెప్పిందే నిజమైంది.

ఆ చూపుతో చూస్తే కేరళ మరోలా కనిపిస్తుంది. తలసరి ఆదాయంలో తెలంగాణ కంటే వెనకబడిన ఆ రాష్ట్రంలో 2023 నాటికి ప్రతి వెయ్యి జననాలకు శిశు మరణాలు 5. జాతీయ సగటు 25. అమెరికాలో సైతం ఆ సంఖ్య అయిదు దాటే ఉంది. కేరళ పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలు, ఆడపిల్లల చదువు, దశాబ్దాల ప్రజా ఉద్యమాలు ఇచ్చిన ఫలితమిది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనో? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్లు తేలింది. ఆదాయం పెరిగిన ఇంట్లో కూడా అందరూ తిన్నాక మిగిలిందే ఇల్లాలి కంచంలోకి వస్తే, ఆ ఇంటి ఎదుగుదలను దేనితో కొలవాలి?

2025 మానవాభివృద్ధి నివేదికలో 193 దేశాల్లో భారత్‌ది 130వ స్థానం. పత్రికలన్నీ ఆ స్థానాన్నే పతాక శీర్షికల్లో పెట్టాయి, మేమూ అందుకు మినహాయింపు కాదు. అసమానతలను లెక్కలోకి తీసుకుంటే మన సూచీ విలువ సుమారు 31 శాతం తరిగిపోతుందని అదే నివేదిక చెప్పింది. చర్చ జరగాల్సింది ఆ తరుగు మీద.

సంతోషాన్నే నేరుగా కొలిచే ప్రయత్నాలూ ఉన్నాయి. సున్నా నుంచి పది వరకు మెట్లున్న నిచ్చెనను ఊహించుకుని, మీ బతుకు ఏ మెట్టు మీద ఉందో చెప్పమని అడుగుతారు. ఆ జవాబులతో ఏటా వెలువడే ప్రపంచ సంతోష నివేదిక పట్టికలో 2018 నుంచి ఫిన్లాండ్ అగ్రస్థానంలో ఉంటోంది. మన దగ్గర కష్టాల్లో మునిగి ఉన్న మనిషి కూడా పలకరిస్తే ‘మీ దయ వల్ల బాగానే ఉన్నాం’ అంటాడు. పచ్చగా ఉన్నవాడు దిష్టి తగులుతుందని ‘ఏదో, ఇలా గడిచిపోతోంది’ అంటాడు. ఒక్కో సమాజంలో జవాబు చెప్పే తీరే వేరైనప్పుడు, ఆ మెట్లను పక్కపక్కన పెట్టి పోల్చడంలో జాగ్రత్త అవసరం. స్థూల జాతీయ సంతోషాన్ని రాజ్యాంగంలోనే రాసుకున్న భూటాన్ నుంచి యువత పెద్ద ఎత్తున ఆస్ట్రేలియాకు తరలిపోతోంది. సంతృప్తి ఒక్కటే ఉపాధిని ఇవ్వలేదు.

మరి మనం కొలవనిది ఎంత ఉందో! 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీలో ఉన్న మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు అందులోనే గడిపారు. అదే పని చేసిన పురుషులు గడిపింది 97 నిమిషాలు. జీతం లేని ఆ అయిదు గంటల పని స్థూల జాతీయోత్పత్తిలో ఎక్కడా కనిపించదు. ఆమెకు తీరిక లేకపోవడం మానవాభివృద్ధి సూచీలోనూ లోటుగా నమోదు కాదు.

కొలవాలంటే ముందు మనుషులను లెక్కపెట్టాలి. 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడాది జరగలేదు. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. ఇళ్ల లెక్కింపులో తాగునీరు, మరుగుదొడ్డి, వంట ఇంధనం వంటి ప్రశ్నలన్నీ ఉంటాయి. ఆ వివరాలను ఏళ్ల తరబడి అటకెక్కించకుండా మండలాల వారీగా వెంటనే బయటపెట్టాలని, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఏటా బడ్జెట్‌తో పాటు మండలాల స్థాయి జీవన ప్రమాణ పత్రాన్ని శాసనసభ ముందు ఉంచాలని మేము కోరుతున్నాం. ఆ పత్రంలో గచ్చిబౌలి ఉన్న శేరిలింగంపల్లికి ఒక వరుస, మాడ్గులకు వేరే వరుస ఉండాలి.