గ్యాస్ కొట్టిస్తే అంతా సెట్టు

మనిషి ఒంటికి వాతం, పిత్తం, కఫం అని మూడు దోషాలు. పాత పికప్ బండి ఏసీకి ఒక్కటే దోషం, గ్యాస్. హైదరాబాద్‌లో ఏ గల్లీలో బండి ఆపినా, బానెట్ ఎత్తకముందే తీర్పు వచ్చేస్తుంది: "గ్యాస్ అయిపోయింది సార్. కొట్టిస్తే కశ్మీరే!" చూడకుండానే ఇంత ధీమాగా చెప్పగలిగే శాస్త్రం జ్యోతిషం తర్వాత ఇదే.

మా బామ్మర్ది దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న డబుల్ క్యాబిన్ పికప్ ఉంది. తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్లో బంతి, చామంతి ఎత్తుకుని ఊరంతా తిరుగుతాడు. మూడు ఎండాకాలాలు వరసగా గ్యాస్ కొట్టించాడు. ఉగాదికి చల్లగా ఉండే ఏసీ, రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చేసరికి పెళ్లివారి ఫ్యానులా ఉత్త గాలి విసురుతుంది. ఎండలు ముదిరితే గ్యాస్ తాగేస్తుందని వాడి నమ్మకం.

నేను ఉండబట్టలేక చెప్పాను. "ఒరేయ్, అది డీజిల్ కాదు, అయిపోవడానికి. కంప్రెసర్ నొక్కుతుంది, ముందున్న కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్న రంధ్రంలోంచి దూరి కూలింగ్ కాయిల్లో చల్లబడుతుంది, మళ్లీ కంప్రెసర్‌కే వస్తుంది. మూసిన గొట్టాల్లో తిరిగే గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే."

"బావా, నువ్వు పేపర్లకు రాసుకో" అన్నాడు.

నిజానికి గ్యాస్ సిద్ధాంతాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. లీకు వెతకాలంటే ఎంత శ్రమ! నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ నిలుస్తుందో లేదో చూడాలి. జాయింటు జాయింటుకూ సబ్బు నురగ రాయాలి. బాగుచేశాక అరగంటసేపు వ్యాక్యూమ్ పెట్టి లోపలి తేమ లాగేయాలి, లేకపోతే ఆ తేమ వాల్వ్ దగ్గర మంచై అడ్డం పడుతుంది. ఆపైన బానెట్ కింది స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములే తూచి ఎక్కించాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. ఇంత చేస్తే ఆ కస్టమర్ వచ్చే ఏడాది మళ్లీ రాడు. ఏటా వానలకు లేచిపోయే రోడ్డుకు ఏటా కంకర పోసే ఊళ్లో, ఒక్క ఏసీ మాత్రం శాశ్వతంగా బాగుపడితే ఎంత అన్యాయం!

రెండో ఏడాది వైద్యం ఇంకా ముదిరింది. స్విచ్ వేస్తే కంప్రెసర్ క్లచ్ పట్టుకునే "టక్" చప్పుడు రావడం లేదు. గ్యాస్ బాగా తగ్గినప్పుడు ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. కంప్రెసర్‌కు ఆయిల్ తిరిగేది గ్యాస్‌తోనే కాబట్టి, అది దాన్ని కాపాడే ఏర్పాటు. గ్యాస్ కొట్టిన మహానుభావుడు స్విచ్చే పాడైందని తేల్చి, దాన్ని తప్పించి వైరు డైరెక్ట్ చేశాడు. కాపలావాడు అరుస్తున్నాడని కాపలావాణ్ణే పంపించేయడమన్నమాట. కంప్రెసర్ పట్టేయకుండా ఎలా బతికిందో ఆ మైసమ్మ తల్లికే తెలియాలి.

ప్రభుత్వం మాత్రం డ్రైవర్ల చెమటను గుర్తించింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతి లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. సరుకుతో కలిపి 3.5 టన్నులు దాటితేనే ఆ తరగతులు. మా వాడిది అంతకు లోపే. కాబట్టి చట్టం లెక్క ప్రకారం వాడికి చెమట పట్టదు.

ఈసారి రాణిగంజ్ వైపు ఓ ముసలి మెకానిక్ దొరికాడు. ఆయన గ్యాస్ మాటే ఎత్తలేదు. ముందు జాలీలోకి టార్చి వేసి నవ్వాడు. శుక్రవారం శుక్రవారం బండికి వేసిన దండల్లోంచి రాలిన బంతి రేకలు కండెన్సర్ మీద ఎండి, దుమ్ముతో కలిసి పిడకలా అంటుకున్నాయి. బండి కదిలితే కాస్త చల్లగా, మెహిదీపట్నం సిగ్నల్లో ఆగితే కొలిమిలా ఉండేది అందుకట. తర్వాత పైపు జాయింటు చూపించాడు. అక్కడ నల్లటి నూనె మరక, దాని మీద మట్టి అట్ట. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా కారితే మరక ఇలాగే ఉంటుందన్నాడు. బండిలో మిగిలి ఉన్న గ్యాస్ చాల్లే అని షాంపూ ప్యాకెట్ చింపి, నీళ్లలో కలిపి రాశాడు. చిన్న బుడగ లేచింది. ఇంకోటి. వేలి ఉంగరమంత రబ్బరు ఓ-రింగు ఎండి పగిలింది, అంతే. మూడేళ్ల గ్యాస్ డబ్బులన్నీ ఆ బుడగలోంచే పోయాయి.

డైరెక్ట్ చేసిన వైరు కూడా పీకి, స్విచ్ తిరిగి కలిపి పని పూర్తయ్యేసరికి మృగశిర వచ్చేసింది. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం క్యూలు, పైన వాన. అద్దాలు మూసుకుని, ఏసీ వేసుకుని, వణుకుతూ మార్కెట్‌కు పోయాం. పక్క బండి డ్రైవర్ కిటికీలోంచి చేయి పెట్టి చూశాడు.

"మస్తుందన్నా. గ్యాస్ కొట్టించినవా?"

మా బామ్మర్ది నా వైపు చూడకుండా తలూపాడు.

"ఔ, కొట్టించిన."