మీసం గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన మీసం గారికి,

నమస్కారాలు. తమరు చూడ్డానికి పై పెదవి మీద నాలుగు వెంట్రుకలే గానీ పరువు, పౌరుషం, పొలంగట్టు తగాదాలు అన్నీ తమరి పేరు మీదే రిజిస్టరై ఉన్నాయి. మొన్న శనివారం నా మధ్యాహ్నం కూడా తమరి ఖాతాలోకే పోయింది. దానికి రసీదు అడుగుదామని ఈ లేఖ.

విషయం తమరికి తెలిసిందే, జిలెట్ ప్రకటన. 2019 జనవరిలో అమెరికాలో వచ్చి, యూట్యూబులో లైకుల కంటే డిస్‌లైకులే ఎక్కువ మూటగట్టుకుని, జనం చేత రేజర్లు టాయిలెట్లో పడేయించిన వీడియో. అది మా బావగారి ఫోనుకి మొన్న గురువారం చేరింది. తపాలా వాళ్లని అనవసరంగా ఆడిపోసుకుంటాం.

రెండు నిమిషాలు కూడా ఉండదు. పిల్లలు కొట్టుకుంటుంటే ఒకాయన వెళ్లి విడదీస్తాడు. వీధిలో అమ్మాయి వెంట పడబోయినవాణ్ణి పక్కవాడు ఆపుతాడు. పొయ్యిల వెనక వరసగా నిలబడ్డ నాన్నలు, మన భాషలో చెప్పాలంటే, "మగపిల్లలన్నాక..." అంటుంటారు. అంతే. "మగజాతికే అవమానం" అని బావగారు మీసం దువ్వారు. లేని మీసం. తెల్లబడటం మొదలవగానే తమర్ని పదేళ్ల కిందటే సాగనంపారాయన.

ఆ కంపెనీ వస్తువు ముట్టనని ఆ పూటే ఒట్టు. ఆదివారం పెళ్లి, శనివారానికి గడ్డం మూడు రోజులది. మగాళ్లకి నీతులు చెప్పని రేజరు కోసం గవర్నర్‌పేట నుంచి బెంజి సర్కిల్ దాకా ఎండలో తిరిగాం. ఒక సూపర్‌మార్కెట్లో బ్లేడ్లన్నీ అద్దాల బీరువాలో ఉన్నాయి. బీరువాకి తాళం, తాళంచెవి ఉన్న కుర్రాడు భోజనానికి. బంగారం కొట్లో కూడా నన్ను నలభై నిమిషాలు నిలబెట్టలేదు. తీరా తాళం తీశాక బావగారు ఒక్కో పెట్టె వెనక చిన్నక్షరాలు చదివి "ఇదీ ఆళ్లదే" అని అక్కడే పెట్టేశారు.

నేను ఒక్క మాటే అన్నాను. "బావగారూ, జిలెట్‌ని 2005లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కొనేసింది. అక్క మీ చొక్కాలుతికే ఏరియల్ వాళ్లదే, రాత్రిళ్లు మీరు ముక్కుకి రాసుకునే విక్స్ కూడా వాళ్లదే." ఆయన చూసిన చూపుకి తమరు గనక అక్కడుంటే నిక్కబొడుచుకునేవారు. కాసేపాగి, "విక్స్ మందు కదా, అది వేరు" అన్నారు. జలుబుకి మినహాయింపు ఇచ్చిన పౌరుషాన్ని అప్పుడే చూశాను.

ఆ వీడియో దెబ్బకి కంపెనీకి 800 కోట్ల డాలర్లు పోయాయని ఫార్వర్డులో ఉంది. 2019లో జిలెట్ విలువని ఆ మేరకు తగ్గించి రాసుకున్న మాట నిజమే. కంపెనీ చెప్పిన కారణాలు మాత్రం వేరు: డాలరు మారకం, పోటీ, మగాళ్లు గీసుకోవడం తగ్గించడం. అంటే ఘనత బావగారిది కాదు, తమరి తమ్ముడు గడ్డానిది. మా అభినందనలు అందజేయగలరు.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. మగాడంటే ఎలా ఉండాలో ఆ కంపెనీ 1989 నుంచి చెబుతూనే ఉంది. నున్నటి గడ్డం, దాని మీద చెయ్యేసి మురిసిపోయే ఆడమనిషి, 'ది బెస్ట్ ఎ మ్యాన్ కెన్ గెట్', అంటే మగాడికి దొరికేవాటిల్లోకెల్లా మేలైనది. నువ్వెవడివి చెప్పడానికి అని ఒక్కరూ అడగలేదు. 2009లో మన దేశంలోనే, గడ్డం మాసినవాళ్లు ఆడవాళ్లకి గిట్టరని ఏకంగా ఉద్యమంలా ప్రచారం చేశారు. బావగారి మనోభావాలు చెక్కుచెదరలేదు, బుద్ధిగా రోజూ గీసుకున్నారు. ఇది కొను, మగాడివవుతావు అంటే తలూపాం. పక్కవాణ్ణి ఆపు, మగాడివవుతావు అంటే ఒళ్లు మండింది. డబ్బు కట్టేది గౌరవం, ఉచితంగా వచ్చేది అవమానమా?

కంపెనీ సుద్దపూసేం కాదు లెండి, నీతి చెప్పినా సరుకు అమ్ముకోవడానికే. ఆ 2019లోనే ఉత్తరప్రదేశ్‌లోని బన్వారీ టోలాలో, తండ్రి జబ్బుపడితే క్షౌరశాల నడిపిన అక్కచెల్లెళ్ల మీద వాళ్లే ఒక ప్రకటన తీశారు. అది నాకు పంపింది బావగారే, కన్నీళ్ల బొమ్మలు మూడు పెట్టి. మంచి ఆడపిల్లని చూపిస్తే ఏడుపొస్తుంది, మంచి మగాణ్ణి చూపిస్తే కోపమొస్తుంది.

ఇక తమరు, గారు చాలు. నువ్వు నాకు మొలిచిన ఏడాది గుర్తుందా? పదో తరగతి. బస్సులో వెనక సీటు కుర్రాళ్లు ఒక పిల్ల జడ లాగుతున్నారు. ఆ పిల్ల ఒకసారి నా వైపు చూసింది. నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ, నిన్ను వేలితో తడుముకుంటూ కూర్చున్నాను. మగాణ్ణైపోయానని లోపల ఒకటే సంబరం. ఏం పీకావు నువ్వు ఆ రోజు?

సరే. చివరికి సాయంత్రం ఐదింటికి మా వీధి సెలూన్లో తేలాం. అతను బ్లేడు సగానికి విరిచి కత్తికి తగిలించాడు. అది ఏ కంపెనీదో బావగారు అడగలేదు, నేనూ చెప్పలేదు. గడ్డం అయ్యాక అతను ఆగి, "సార్, మీసం వస్తోంది. ఉంచమంటారా?" అన్నాడు.

బావగారు అద్దంలోకి చాలాసేపు చూసుకున్నారు. మూడు రోజుల నువ్వు, పూర్తిగా తెల్లగా.

"తీసెయ్ బాబూ" అన్నారు, మెల్లిగా.

ఇట్లు,
నెలకోసారి నీకు రంగేసే
ఒక బావమరిది