అంకె మారలేదు, పుస్తకం మారింది

లేబులు అదే, సర్టిఫికెట్ నంబరు అదే, గ్రేడు అదే. ప్లాస్టిక్ పెట్టెలో ఉన్న పుస్తకం మాత్రం వేరు. 2023 చివర్లో అమెరికాలో కామిక్స్ సేకరించేవాళ్లు కొందరు పాత వేలంపాటల ఫొటోలనూ, కొత్తగా అమ్మకానికి వచ్చిన వాటి ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే తేలిన సంగతి ఇది. అట్ట కోత పడిన తీరు, పిన్నులు దిగిన చోటు, వెన్ను మీది సన్నని గీతలు ఏ రెండు ప్రతుల్లోనూ ఒకేలా ఉండవు. ఆ తేడాలే దొంగను పట్టించాయి. ఈ పని చేసింది పోలీసులు కాదు, పుస్తకం స్థితి చూసి అంకె వేసే గ్రేడింగ్ సంస్థ కాదు. కొనుక్కున్నవాళ్లే కళ్లు చికిలించుకుని చేశారు.

మోసం ఎలా జరిగిందో తెలియాలంటే ఈ వ్యాపారం సంగతి కొంత తెలియాలి. పాత కామిక్ పుస్తకం ధర దాని స్థితిని బట్టి ఉంటుంది. స్థితి ఎలా ఉందో అమ్మేవాడు ఒకటి చెబుతాడు, కొనేవాడు ఇంకొకటంటాడు. ఈ తగవు తీర్చడానికి 2000లో ఫ్లోరిడా కేంద్రంగా సర్టిఫైడ్ గ్యారంటీ కంపెనీ, అందరూ పిలిచే సీజీసీ, మొదలైంది. పుస్తకం పంపితే వాళ్లు పేజీ పేజీ తిప్పి చూస్తారు. 0.5 నుంచి 10 దాకా ఒక అంకె వేసి, గట్టి ప్లాస్టిక్‌లో మూసి తిప్పి పంపుతారు. దాన్నే సేకర్తలు స్లాబ్ అంటారు. మామూలు పుస్తకానికి నీలం లేబులు, రంగు పూసో అతుకు వేసో బాగుచేసినదానికి ఊదా లేబులు, తమ సాక్షి ఎదుట సంతకం చేయించినదానికి పసుపు లేబులు. అంతవరకూ చక్కటి ఏర్పాటే. ముక్కూ మొహం తెలియని ఇద్దరు వేల డాలర్ల బేరం ఫోన్‌లోనే కుదుర్చుకోగలుగుతున్నారంటే ఆ అంకె పుణ్యమే.

స్లాబ్ ప్లాస్టిక్ పగలొచ్చు, గీతలు పడొచ్చు. అప్పుడు దాన్ని వెనక్కి పంపితే కొత్త పెట్టెలో పెట్టి ఇచ్చే సదుపాయం ఉంది. రీహోల్డర్ అంటారు. గ్రేడు ఎలాగూ ఒకసారి వేశారు కాబట్టి పాత లేబులే కొత్త పెట్టెలోకి వెళ్తుంది. మోసగాడు పట్టుకున్న సందు ఇదే. ఎక్కువ గ్రేడు ఉన్న స్లాబ్ తెరిచి, మంచి పుస్తకం తీసేసి, తక్కువ రకం ప్రతి లోపల పెట్టి, పెట్టె పాడైందంటూ పంపాడు. సంస్థ స్వయంగా కొత్త పెట్టెలో బిగించి, చెడ్డ పుస్తకానికి మంచి గ్రేడుతో రాజముద్ర వేసి ఇచ్చింది. తీసేసిన మంచి పుస్తకానికి మళ్లీ గ్రేడు వేయించుకోవడానికి అడ్డేమీ లేదు. ఒక్క పుస్తకం డబ్బు పెడితే రెండు పుస్తకాల అమ్మకం. విషయం బయటికొచ్చాక సీజీసీ అనుమానం ఉన్న 300కు పైగా నంబర్ల జాబితా విడుదల చేసింది, 2024లో కోర్టుకూ వెళ్లింది. అవి అవసరమైన పనులే. కానీ పేరులోనే గ్యారంటీ పెట్టుకున్న సంస్థ, తన చేతిలోకి తిరిగొచ్చిన పుస్తకం తను పంపిన పుస్తకమేనా అని చూసుకోలేదంటే నేతిబీరకాయ సామెత గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

లోపల ఏముందో బయటినుంచి తెలియకపోవడం ఎంత దూరం పోతుందో చూడండి. 1974లో మార్వెల్ సంస్థ తన కామిక్స్‌లో పాఠకుల ఉత్తరాల పేజీల్లో చిన్న చిన్న బొమ్మల స్టాంపులు వేసింది. కత్తిరించి ఆల్బమ్‌లో అంటించుకోమంది. పిల్లలు చెప్పినట్టే చేశారు. అదే ఏడాది నవంబరు తేదీతో వచ్చిన హల్క్ 181వ సంచికలో కూడా అలాంటి స్టాంపు ఒకటుంది. వుల్వరీన్ అనే పాత్ర పూర్తిస్థాయిలో కనిపించిన మొదటి సంచిక కావడంతో తర్వాత దాని ధర ఆకాశానికెక్కింది. స్టాంపు ఉన్న ప్రతికీ, పోయిన ప్రతికీ ఇవాళ ధరలో పొంతనే లేదు. అట్ట రెండింటికీ నిగనిగలాడుతూనే ఉండొచ్చు. కత్తెర పడిన పేజీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. స్లాబ్ పగలగొడితే తప్ప అది కనపడదు, పగలగొడితే గ్రేడు పోతుంది. అంటే డబ్బు పెట్టినవాడికి తన సొత్తును తనిఖీ చేసుకునే దారి లేదు. ఇలాంటి చోట నమ్మకం మీద నడిచే వ్యాపారి మామూలు కంటే పదింతలు జాగ్రత్తగా ఉండాలి.

డబ్బు కూడా చిన్నది కాదు. 1938లో 10 సెంట్లకు అమ్మిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, 8.5 గ్రేడు ప్రతి, 2024 వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. స్పైడర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 1962 నాటి సంచిక 9.6 ప్రతి 2021లో 36 లక్షల డాలర్లకు పోయింది. అంత ఖరీదైన వాటిమీద అందరి కళ్లూ ఉంటాయి, అక్కడ ఆటలు సాగవు. మోసానికి అనువైనవి మధ్యతరగతి పుస్తకాలు. జీతం డబ్బుతో కొనుక్కునేవి, 9.6కూ 9.8కీ మధ్య ధర రెట్టింపయ్యేవి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఒక్కోసారి వెన్ను మీద వెంట్రుకంత తెల్ల గీత.

ఈ రోగం కామిక్స్‌తో పుట్టింది కాదు. బేస్‌బాల్ కార్డుల లోకంలో అన్నిటికన్నా పేరున్న, హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డుకు 1991లో పీఎస్‌ఏ సంస్థ 8 గ్రేడు వేసింది. ఆ సంస్థ గ్రేడు చేసిన మొట్టమొదటి కార్డు అదే. దాని అంచులు కత్తిరించానని ఒక వేలం వ్యాపారి 2013లో కోర్టులో ఒప్పుకునేదాకా ఇరవై రెండేళ్లు ఆ అంకె చెలామణీ అయింది. అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, బీమా చేసినవాళ్లు అందరూ ప్లాస్టిక్ మీది అంకెనే చూశారు.

గ్రేడింగ్ సంస్థలు తమ షరతుల్లో ఒక మాట రాసుకుంటాయి: గ్రేడు మా అభిప్రాయం మాత్రమే. నిజమే, 9.4 వేయాలా 9.6 వేయాలా అన్నదగ్గర ఇద్దరు నిపుణులు విభేదించవచ్చు. దాని మీద ఎవరూ ఎవరినీ కోర్టుకు లాగక్కర్లేదు. కానీ లోపల ఉన్నది అదే పుస్తకమా కాదా, పేజీలన్నీ ఉన్నాయా లేవా, అంచు కోశారా లేదా అన్నవి అభిప్రాయాలు కావు. చూస్తే తెలిసేవి. చూడాల్సిన పని చూడకుండా అభిప్రాయం అనే గొడుగు కింద దూరడం కుదరదని మా మాట.

ఇదే జనం, ఇదే మార్కెట్టు, ఇంకో పక్క దీనికి సరిగ్గా తిరగేసిన పని చేస్తున్నారు. సైన్స్ ఫిక్షన్ ఫ్రాంచైజీల మీద అభిమానుల అభిప్రాయాన్ని తీసుకొచ్చి శాతాల్లో కొలిచి, అదే సత్యమన్నట్టు ఊరేగిస్తున్నారు. రెండింటికీ సంబంధం లేదనుకోనక్కర్లేదు. స్టార్ వార్స్‌లో అసోకా పాత్ర కామిక్స్‌లో మొదట కనిపించింది 2008లో. 2020లో ఆమె యానిమేషన్ కాకుండా నటీనటులు వేసిన సీరియల్లోకి రావడం, 2023లో ఆమె పేరుతోనే సీరియల్ రావడంతో పాత సంచిక కోసం వెతుకులాట పెరిగింది. ఫలానా పాత్ర తెరమీదికి వస్తుందట అన్న పుకారు చాలు, 9.8 ప్రతులకు రెక్కలొస్తాయి. సీరియల్ బాగోలేదన్న మాట చాలు, అవే ప్రతులు కొనే నాథుడు లేక పడుంటాయి. కాబట్టి అభిమాని నోటి మాటకు డాలర్ల విలువ ఉంది. విలువ ఉన్న ప్రతిదానికీ నకిలీ పుట్టుకొస్తుంది.

2017 డిసెంబరులో వచ్చిన స్టార్ వార్స్ సినిమా 'ద లాస్ట్ జెడై' మీద జరిగిన రచ్చ ఇందుకు పెద్ద ఉదాహరణ. సినిమాల మీద అభిప్రాయాలను శాతాల్లో చూపే రాటెన్ టొమాటోస్ సైటులో విమర్శకుల లెక్క 90 శాతం దాటింది, ప్రేక్షకుల లెక్క నలభై చిల్లర దగ్గర ఆగింది. థియేటర్ గుమ్మం దగ్గర, సినిమా చూసి బయటికొస్తున్నవాళ్లను అడిగే సినిమాస్కోర్ సర్వేలో మాత్రం ఆ సినిమాకే 'ఎ' గ్రేడు వచ్చింది. ఒకే సినిమాకు. ఎవరిని నమ్మాలి? నిజానికి ప్రేక్షకుల లెక్కలు రెండూ వేర్వేరు జనాన్ని కొలిచాయి. ఒకటి టికెట్టు కొని చూసినవాళ్లది, రెండోది చూసినా చూడకపోయినా మీట నొక్కడానికి తీరిక, కోపం ఉన్నవాళ్లది. 2019లో ఆ సైటు విడుదలకు ముందే వ్యాఖ్యలు పెట్టే వీలు తీసేసి, టికెట్టు కొన్నట్టు రుజువున్నవాళ్ల రేటింగును విడిగా చూపించడం మొదలుపెట్టింది. మంచి మార్పు. సినిమా చూశారా లేదా అన్నది తేల్చగలిగిన విషయం, దాన్ని తేల్చారు. నచ్చిందా లేదా అన్నది వాళ్లకు వదిలేశారు. గ్రేడింగ్ సంస్థలు నేర్చుకోవాల్సిన హద్దు అక్కడే ఉంది.

ఆ శాతాల వెనక మనుషులు నలిగిపోయారు. అదే సినిమాలో రోజ్ పాత్ర వేసిన కెల్లీ మేరీ ట్రాన్ వేధింపులు తట్టుకోలేక 2018లో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పోస్టులన్నీ తీసేసింది. తర్వాతి సినిమాలో ఆ పాత్ర ఉందా అంటే ఉందన్నట్టుగా కుదించుకుపోయింది. కథ కోసం అలా చేశారని మమ్మల్ని ఎవరూ ఒప్పించలేరు. 1999 నాటి స్టార్ వార్స్ సినిమాలో జార్ జార్ బింక్స్ పాత్ర వేసిన అహ్మద్ బెస్ట్ ఆనాటి తిట్ల వాన తనను ఆత్మహత్య అంచుదాకా నెట్టిందని దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత చెప్పుకున్నాడు. 2023లో అతనే 'ద మాండలోరియన్' సీరియల్లో జెడై యోధుడిగా వస్తే అభిమానులు హారతి పట్టారు. నటుడు అతనే, అభిమానగణమూ ఇంచుమించు అదే. 1999 నాటి అభిప్రాయాన్ని ప్లాస్టిక్‌లో బిగించి నంబరు వేసి ఉంటే ఇవాళ దానికి ఏం విలువ?

స్టూడియోలకు కూడా నాలుగు మాటలు. సినిమా తేలిపోయినప్పుడల్లా 'విషం కక్కే అభిమానులు' అన్న ముద్ర తీసి అందరి మీదా కొట్టేయడం వాటికి అలవాటైపోయింది. కథ నచ్చక మూడు పేజీలు రాసే అభిమానినీ, నటి రంగు మీద, రూపం మీద బూతులు రాసేవాడినీ ఒకే లేబులు కింద బిగించడం కూడా తప్పుడు గ్రేడింగే. 2014 ఏప్రిల్‌లో స్టార్ వార్స్ నవలల, కామిక్స్ ప్రపంచాన్ని మొత్తం 'లెజెండ్స్' అని పక్కనపెట్టి, ఇకమీదట ఇది అసలు కథలో భాగం కాదన్నప్పుడు, రెండు దశాబ్దాలకు పైగా ఆ పుస్తకాలు కొని చదివినవాళ్లు గొణిగారు. గొణగరా మరి? వాళ్లు డబ్బూ వయసూ పెట్టింది అందులోనే.

అభిమానుల మాటకు బరువు లేదని మేము అనడం లేదు. 1968లో స్టార్ ట్రెక్ సీరియల్ ఆపేస్తారన్న వార్త వస్తే అభిమానులు దాన్ని ప్రసారం చేసే ఎన్‌బీసీ టీవీ సంస్థకు ఉత్తరాలు గుప్పించారు, మూడో సీజన్ వచ్చింది. 1976లో అమెరికా మొదటి అంతరిక్ష షటిల్‌కు కాన్‌స్టిట్యూషన్ అని పెట్టాలనుకున్న పేరు, అభిమానుల ఉత్తరాల ఒత్తిడితో, ఆ సీరియల్లోని అంతరిక్ష నౌక పేరైన ఎంటర్‌ప్రైజ్‌గా మారింది. ఆ ఉత్తరాలు చాలావరకు మనుషులు కూర్చుని రాసి, సొంత పేరు పెట్టి, స్టాంపు అంటించి పంపినవి. ఇవాళ ఉద్యమం అనగానే అందులో ఎన్ని ఖాతాలు నిజం అని అడగాల్సి వస్తోంది. 'జస్టిస్ లీగ్' సినిమాకు దర్శకుడి కూర్పు విడుదల చేయాలంటూ నడిచిన ప్రచారంలో పాల్గొన్న ఖాతాల్లో కనీసం 13 శాతం నకిలీవని వార్నర్ సంస్థ తెప్పించుకున్న నివేదికల్లో తేలినట్టు 2022లో రోలింగ్ స్టోన్ పత్రిక రాసింది. మిగతా వాళ్లు అసలైన అభిమానులే. నకిలీల మూలంగా వాళ్ల గొంతుకే విలువ తగ్గింది.

మళ్లీ పుస్తకాల దగ్గరికి వద్దాం, ఎందుకంటే అక్కడ చేయగలిగిన పని కళ్లెదుట ఉంది. సీజీసీ మాతృసంస్థలో 2021లో బ్లాక్‌స్టోన్ పెట్టుబడి సంస్థ అధిక వాటా కొన్నప్పుడు దాని విలువను 50 కోట్ల డాలర్లకు పైగా కట్టారు. అంత సొమ్మున్న వ్యాపారానికి, గ్రేడు వేసిన రోజే పుస్తకం ముందూ వెనకా స్పష్టంగా స్కాన్ చేసి నంబరుతో పాటు ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఉంచడం భారం కాదు. రీహోల్డర్‌కు వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఆ స్కాన్‌తో పోల్చకుండా కొత్త పెట్టెలో పెట్టకూడదు. పోలిక కుదరకపోతే గ్రేడు రద్దు చేసి, మళ్లీ మొదటినుంచీ పేజీలు లెక్కపెట్టాలి. ఆలస్యమైతే కానివ్వండి. ఆదాయం తగ్గితే తగ్గనివ్వండి.

వేలం సంస్థలూ చేతులు దులుపుకోలేవు. కొనేవాడి దగ్గర ధర మీద అదనంగా ప్రీమియం వసూలు చేసేది అవే, పాత అమ్మకాల ఫొటోలు భద్రంగా దాచుకున్నదీ అవే. 2023లో సేకర్తలు రాత్రుళ్లు కూర్చుని చేసిన పోలిక, ఆ సంస్థల గుమాస్తా ఒకడు పుస్తకం జాబితాలోకి ఎక్కించే ముందు పది నిమిషాల్లో చేయగలడు. ఆ పది నిమిషాలు కూడా పెట్టకుండా అమ్మిన స్లాబ్ తర్వాత తప్పుడుదని తేలితే, ప్రీమియంతో సహా పూర్తి డబ్బు వెనక్కి ఇస్తామని తమ షరతుల్లో రాయాలి. జాబితాకెక్కిన ఆ 300 పైచిలుకు నంబర్ల స్లాబ్‌లు చేతులు మారి ఇవాళ ఎవరి దగ్గర ఉన్నా, వాళ్లకు ఇది పాత తేదీనుంచే వర్తించాలి.