రష్ బీ గారికి విన్నపం

కౌంటర్-స్ట్రైక్ అనే తుపాకుల ఆటలో ఐదుగురూ ఒక్క ఉరుకులో బాంబు పెట్టే బీ సైట్ మీద పడే ఎత్తుగడ అయిన మహారాజశ్రీ రష్ బీ గారికి, విశాఖపట్నం గేమింగ్ సెంటర్ల తరఫున నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మా ర్యాంకులు తప్ప.

మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఏ సెంటర్లో డస్ట్ 2 మ్యాప్ పెట్టినా, తుపాకులు కొనుక్కోవడం పూర్తవకముందే ఎవడో ఒకడు "గురూ, బీ కొట్టేద్దాం పద!" అంటాడు. ఎందుకని మిగతా నలుగురూ అడగరు. 2001లో డేవిడ్ జాన్‌స్టన్ ఆ మ్యాప్‌లో లాంగ్, మిడ్ అని వేరే దారులు కూడా పెట్టాడన్న సంగతి తమరి ఏలుబడిలో ఎవరికీ గుర్తుండదు.

న్యాయంగా చెప్పాలంటే, చేతిలో పిస్టలే ఉండే తొలి రౌండులో, అంటే పిస్టల్ రౌండులో, తమరు పనికొస్తారు. తలా 800 డాలర్లుంటాయి. ముగ్గురు 650 పెట్టి కెవ్లార్ కవచం తొడుక్కోవాలి. నాలుగోవాడు 700తో ఒక స్మోక్ (పొగబాంబు), రెండు ఫ్లాష్‌లు (కళ్లు బైర్లు కమ్మించేవి) కొనాలి. స్మోక్ బీ డోర్స్‌లో (మిడ్ వైపు నుంచి సైట్‌లోకి వచ్చే గుమ్మం) పడి, మొదటివాడు మనం వచ్చే టన్నెల్ దాటబోయే క్షణానికి ఫ్లాష్ పేలితే సగం పని అయినట్టే. రెండోవాడు మరీ దూరంగా ఉండకూడదు. మొదటివాడు పడగానే చంపినవాణ్ణి పడగొట్టడమే అతని ఉద్యోగం.

ఏకే రైఫిళ్లు వచ్చాక కూడా అదే వేషమైతే ఎలా? అప్పటికి అవతలివాళ్ల దగ్గర ఇన్సెండియరీలు (నిప్పుబాంబులు) ఉంటాయి. అప్పర్ టన్నెల్స్ గుమ్మంలో ఒకటి పడిందా, ముందువాడు ఆగుతాడు, వెనకవాడు వచ్చి గుద్దుతాడు, సాయంత్రం పూట గాజువాక జంక్షన్ తయారవుతుంది. ఆ గుంపు మధ్యలోకి ఒక్క హెచ్‌ఈ గ్రెనేడ్ చాలు, ఐదుగురి హెల్త్‌కీ ఒకేసారి చిల్లు. కంగారులో వెనకవాడు పేల్చిన తూటాలు మనవాడి వీపుకే తగులుతాయి. ర్యాంకులుండే కాంపిటీటివ్ మోడ్‌లో వాటికీ దెబ్బ ఉంటుంది మరి. ఆ మంటని ఆర్పేది 300 డాలర్ల స్మోక్. దాన్ని కొన్నవాడుంటే కదా!

లెక్క కూడా చూడండి. వరసగా ఎన్ని రౌండ్లు ఓడినా ఓటమి భత్యం మనిషికి 3400 దాటదు. ఏకే 2700, హెల్మెట్‌తో కవచం 1000. అంటే ఆ భత్యంతోనే బతికేవాడికి స్మోక్ సంగతి అటుంచి హెల్మెట్ కూడా రాదు.

తమరికి తమ్ముడొకడున్నాడు, పేరు స్ప్లిట్. ముగ్గురు టన్నెల్స్‌లో నోరు మూసుకుని నిలబడతారు, ఇద్దరు మిడ్ తీసుకుంటారు. సీటీ స్పాన్ (అవతలివాళ్లు రౌండు మొదలెట్టే చోటు) వైపు స్మోక్ వేసి, మిడ్ డోర్స్ దాటి బీ డోర్స్ దగ్గరికి చేరాక "ఇప్పుడు" అంటారు. సైట్‌లో ఉన్నవాడు ఒక కంటితో టన్నెల్‌నీ, ఇంకో కంటితో డోర్స్‌నీ చూడలేడు. కానీ దీనికి ఇరవై ముప్పై సెకన్ల ఓపిక కావాలి. రౌండు 1:55 ఉన్నా సరే, తమరి భక్తుల దగ్గర అదే ఉండదు.

ఇంకో మాట. బాంబు పెట్టేశాక ఐదుగురూ కిల్స్ కోసం చెదిరిపోతున్నారు. టన్నెల్‌లోంచి కనబడేట్టు బాంబు పెట్టి, ఒకణ్ణి అక్కడే ఉంచండి, ఇంకొకణ్ణి సైట్‌లోని ప్లాట్‌ఫారం మీద. పేలేది 40 సెకన్లకి. కిట్ ఉన్న అవతలివాడికి బాంబు నిర్వీర్యం చేయడానికి 5 సెకన్లు, లేనివాడికి 10. ఐదు సెకన్లకన్నా తక్కువ మిగిలినా ఇంకా ఎవడూ బాంబు ముట్టుకోకపోతే తీయడం ఇక కుదరదు. అప్పుడు ఎదురెళ్లి చావకుండా దూరం జరగాలి.

ఇట్లు,
తమ టన్నెల్స్‌లో నిత్యం రాలిపోయే విధేయులు

తాజాకలం: మొన్నటి రష్‌లో బాంబు మన స్పాన్‌లోనే ఉండిపోయిందట. ఎవరి దగ్గరుందో ఒకసారి కనుక్కుని బయల్దేరమని చెప్పగలరు.