పాట ఆడుతోంది కదా సార్!

ముందు ఒక అభినందన. ప్రాసెసర్ చెడిందో లేదో తేల్చడానికి లోకమంతా రాత్రుళ్లు పరీక్షలు నడిపించుకుంటూ కూర్చుంటే, మన హైదరాబాద్ సర్వీస్ సెంటర్లు ఆ పనిని మూడున్నర నిమిషాలకు దించాయి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తారు. యూట్యూబ్ తెరుస్తారు. ఒక పాట పెడతారు. పల్లవి దాటి మొదటి చరణం దాకా తెగకుండా వినిపించిందా, ప్రాసెసర్ దివ్యంగా ఉన్నట్టే. జాబ్ షీటు మీద 'నో ఫాల్ట్ ఫౌండ్' అని రాసి, ఛార్జరు వైరు చుట్టి చేతికిస్తారు. ఇంతటి ఆవిష్కరణకు ఇంకా ఎవరూ శాలువా కప్పకపోవడం మన దౌర్భాగ్యం. రవీంద్రభారతిలో ఖాళీ తేదీ చూసి ఆ లోటు పూడ్చాలి.

పాట పరీక్ష లోతు పామరులకు అందదు కాబట్టి కాస్త విడమరుద్దాం. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో వీడియో విప్పే పని ప్రాసెసర్‌లో లెక్కలు చేసే కోర్లది కాదు. గ్రాఫిక్స్ భాగంలో దానికోసమే చిన్న యంత్రాంగం ఒకటి ఉంటుంది. పాట బరువంతా దాదాపు అదే మోస్తుంది. కోర్లు ఆ సేపూ కునుకు తీస్తుంటాయి. నమ్మకం లేకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి చూసుకోవచ్చు. అంటే ఏ భాగం మీద అనుమానమో, సరిగ్గా ఆ భాగాన్ని నిద్రలేపకుండా చేసే పరీక్ష ఇది. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమని పెద్దలు ఊరికే అన్నారు. ఇక్కడ నిజంగానే మోకాలు నొప్పని వచ్చినవాడి గుండు నిమిరి, నున్నగానే ఉంది పొమ్మంటున్నారు.

కూకట్‌పల్లిలో చెట్టు కింద బండ్లు బాగుచేసే మెకానిక్ దగ్గరికెళ్లి "గుట్ట ఎక్కేటప్పుడు ఆగిపోతోంది అన్నా" అని చెప్పండి. స్టాండు మీదే కిక్కు కొట్టి "స్టార్ట్ అయింది, తీస్కపో" అనడు. బండెక్కి ఒక రౌండు వేసొస్తాడు. అతనికి ఏసీ గది లేదు, మెడలో ఐడీ కార్డు లేదు, గోడ మీద 'సర్టిఫైడ్ ఇంజినీర్' అన్న ఫ్రేము లేదు. రౌండు మాత్రం వేస్తాడు.

కౌంటర్ దగ్గర జరిగే సంభాషణ ఏ సెంటర్లోనైనా ఒకటే. ఎక్కడో శిక్షణలో బట్టీ పట్టిస్తారేమో.

"ఏం ప్రాబ్లం సార్?"

"లోడ్ పడితే దానంతటదే రీస్టార్ట్ అవుతోంది బాబూ. పెద్ద జిప్ ఫైలు విప్పుతుంటే ఒకసారి విప్పుతుంది, ఒకసారి ఫైలు చెడిందంటూ సీఆర్‌సీ ఎర్రర్ అంటుంది. ఫైలు అదే."

"ఇప్పుడు ఆన్ అయితుందా?"

"అవుతుంది."

"మరి ఇంకేంది సార్. ప్రాసెసర్ పోతే ఆన్ కాదు. ఇది విండోస్ ప్రాబ్లం."

"లైనక్స్‌లో కూడా ఇలాగే పడిపోతోంది."

"అందుకే సార్. లైనక్స్ వేస్తే విండోస్ ఖరాబ్ అయితది."

ఈ జవాబు విన్నాక మామూలు మనిషికి నోట మాట రాదు. అంతలో అవతలివాడు యూట్యూబ్ తెరిచేశాడు. ప్రకటన వస్తోంది. ఐదు సెకన్లాగి స్కిప్ నొక్కాడు. పాట మొదలైంది. పక్క టోకెన్ వాళ్లు కూడా తొంగిచూస్తున్నారు. ఇంజినీరు గారు కుర్చీలో వెనక్కి వాలి, తబలా దెబ్బకు వేలితో టేబుల్ మీద తాళం వేస్తూ, తీర్పు చెప్పేశారు: "పాట ఆడుతోంది కదా సార్!" సౌండ్ కూడా పెంచి చూపించారు. స్పీకర్ల గురించి ఎవరూ అడగలేదు, అయినా స్పీకర్లకు కూడా ఉచితంగా ఆరోగ్య ధ్రువపత్రం.

1994లో ఇంటెల్ పెంటియం ప్రాసెసర్ భాగహారం తప్పు చేస్తోందని అమెరికాలో థామస్ నైస్‌లీ అనే లెక్కల ప్రొఫెసరు పట్టుకున్నాడు. 4195835ని 3145727తో భాగిస్తే 1.33382 రావాలి; ఆ చిప్పులో 1.33373 వచ్చేది. మొదట కంపెనీ, నిజంగా అవసరముందని చూపించిన వాళ్లకే చిప్పు మారుస్తామంది. జనం ఊరుకోలేదు. చివరికి డిసెంబరులో, అడిగిన ప్రతి ఒక్కరికీ ప్రశ్నలు వేయకుండా మారుస్తామని ఒప్పుకుని, దానికింద 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. పాపం, అప్పటికి యూట్యూబ్ పుట్టలేదు. ఉండి ఉంటే ప్రొఫెసరు గారికి ఒక పాట వినిపించి ఆ డబ్బంతా మిగుల్చుకునేవారు.

కౌంటర్‌కు కావలసింది పాట అయినా, తీసుకెళ్లేవాడు మాత్రం సరైన సాక్ష్యం మూట కట్టుకునే వెళ్లాలి. ప్రాసెసర్ మీద నేరం మోపే ముందు మిగతా అనుమానితులను ఒక్కొక్కరినీ వదిలించుకోవాలి. మెషీన్ ఆన్ కాగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాం బయాస్. దాన్ని డిఫాల్ట్‌కు తెచ్చి, కంపెనీ సైట్‌లో ఉన్న కొత్త బయాస్ వేయండి. ప్రాసెసర్ లోపలి సూచనలకు (మైక్రోకోడ్) సవరణలు దాంతోనే వస్తాయి. వేడి తగ్గుతుందని ఎవరో చెబితే ఎప్పుడో వోల్టేజీ తగ్గించి పెట్టుకున్నవాళ్లుంటారు. దాన్ని తీసేయండి. చాలని వోల్టేజీతో నడిచే మంచి ప్రాసెసర్ కూడా అచ్చం చెడిన ప్రాసెసర్‌లాగే ప్రవర్తిస్తుంది, ఆ కేసులో తప్పు మీదే. తర్వాత ర్యామ్. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాంతోనే బూట్ చేసి, నాలుగు పాస్‌లూ, అంటే నాలుగు చుట్లూ, పూర్తయ్యేదాకా వదలండి. ఉచిత వెర్షన్ నాలుగే ఇస్తుంది, అవి చాలు. 16 జీబీకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు. ఒక్క ఎర్రర్ వచ్చినా ముందు ర్యామ్ సంగతి చూడాలి: రెండు స్టిక్కులుంటే ఒకటి తీసి మళ్లీ నడపండి.

వేడి సంగతి చాలామంది తప్పుగా అనుకుంటారు. వేడెక్కిన ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, ఇంకా మితిమీరితే మెషీన్‌నే ఆపేస్తుంది. లెక్క మాత్రం తప్పదు. ఉష్ణోగ్రత చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో 70 డిగ్రీల దగ్గరే పడిపోతుంటే ఫ్యాన్‌నూ, ప్రాసెసర్ వేడి లాగే పేస్టునూ తిట్టి ప్రయోజనం లేదు.

ఇక అసలు పరీక్ష. ప్రాసెసర్ చేత ఆగకుండా భారీ లెక్కలు చేయించే ప్రైమ్95 అనే ప్రోగ్రాంలో 'స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ' ఎంచుకోండి. అందులో లెక్కలు చాలావరకు ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ, క్యాష్‌లోనే ఇమిడిపోతాయి, ర్యామ్ మీద భారం పెద్దగా పడదు. మంచి ప్రాసెసర్ గంటలకొద్దీ ఒక్క తప్పు లేకుండా నడుస్తుంది. చెడినదానిలో ఒక వర్కర్ (ఒక్కో కోర్ మీద నడిచే లెక్కల వరుస) 'రౌండింగ్ వాజ్ 0.5' అంటూ ఆగిపోతుంది. నాలుగుసార్లు నడిపితే నాలుగుసార్లూ అదే వర్కర్ ఆగితే, దోషం ఉన్న కోర్ దాదాపు దొరికినట్టే. దీనికి రెండో సాక్షి, మెషీన్‌లో జరిగిన గొడవలన్నీ రాసిపెట్టే విండోస్ ఈవెంట్ వ్యూయర్. అక్కడ డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో ఈవెంట్ 18 ఉందా చూడండి. 'ప్రాసెసర్ కోర్', 'క్యాష్ హైరార్కీ ఎర్రర్' అని రాసి, కింద ఏ కోరో చెప్పే ఏపిక్ ఐడీ నంబరు ఇస్తుంది. ప్రతిసారీ అదే నంబరు వస్తోందంటే యంత్రం తనంతట తానే వాంగ్మూలం ఇచ్చినట్టు. ఈవెంట్ 17 చూసి మాత్రం కంగారుపడకండి. అది ఎక్కువగా వైఫై కార్డు దగ్గరో ఎస్ఎస్‌డీ దగ్గరో సర్దుకుపోయిన చిన్న గొడవ. కెర్నల్-పవర్ 41 ఉత్త పంచనామా: మెషీన్ హఠాత్తుగా ఆగింది అంటుంది, ఎందుకో చెప్పదు. నీలం తెర పడితే హార్డ్‌వేర్ దోషాన్ని సూచించే 0x124 అన్న అంకె ఉందేమో ఫోటో తీయండి.

చివరగా లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్, అంటే డిస్కును ముట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్. అందులోనూ పడిపోయి, లాగ్‌లో 'మెషీన్ చెక్', 'హార్డ్‌వేర్ ఎర్రర్' అని కనిపిస్తే విండోస్ నిర్దోషి. విండోస్‌కు నిర్దోషిగా బయటపడే అవకాశాలు జీవితంలో తక్కువ, దీన్నైనా దక్కనివ్వండి.

ఇదంతా ఒక ఫోన్ వీడియోగా తీయాలి. మొదట ల్యాప్‌టాప్ అడుగున సీరియల్ నంబరు, కట్ చేయకుండా తెర మీద పరీక్ష, అది పడిపోవడం. ఈవెంట్ లాగ్‌ను ఫైలుగా సేవ్ చేసి ఫిర్యాదు ఈమెయిల్‌కు జతచేయాలి. ఫోన్‌లో చెప్పింది గాలికి పోతుంది, మెయిల్‌కు తేదీ ఉంటుంది. ఇవన్నీ పట్టుకుని వెళ్తే ఏమంటారో తెలుసుగా.

"ఈ సాఫ్ట్‌వేర్లు వేసినందుకే ఖరాబ్ అయింది సార్. ఫార్మాట్ కొడితే సెట్ అయితది."

ఫార్మాట్! ఇక్కడ మాత్రం నవ్వలేం. దోషం ప్రాసెసర్‌లో ఉంది. ప్రాసెసర్ మదర్‌బోర్డు మీద ఉంది. మనిషి డేటా ఎస్ఎస్‌డీలో ఉంది. ఎస్ఎస్‌డీని బోర్డుకే అతికించిన కొన్ని పల్చటి మోడళ్లు తప్పిస్తే, బోర్డు మార్చడానికి ఆ డిస్కులో ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు. అయినా తుడిచేస్తారు, చూడటానికి బద్ధకం కాబట్టి. ఇబ్రహీంపట్నం హాస్టల్లో బీటెక్ ఆఖరి ఏడాది పిల్ల ప్రాజెక్టు పోతుంది. బేగంబజార్ కొట్టాయన ట్యాలీ ఖాతాలు పోతాయి. పోయిన తండ్రి ఫోటోలు పోతాయి. అడిగితే జాబ్ షీటు వెనక చీమతలకాయంత అక్షరాల్లో 'డేటాకు మేము బాధ్యులం కాము' అన్న లైను చూపించి, కింద సంతకం మీదే కదా అంటారు. ఆ సంతకం పరీక్ష చేయడానికి ఇచ్చింది, తగలబెట్టడానికి కాదు! రోగం వెతకడం చేతకానివాడు ఇల్లు కడిగేసి వైద్యం చేశానంటే ఊరుకుంటామా? బ్యాకప్ తీసుకోవాల్సింది కదా అంటారు. తీసుకోవాలి, నిజమే. అయినా తలుపు గడియ పెట్టుకోకపోవడం దొంగకు లైసెన్సు కాదు. ఫార్మాట్ చేశాక మళ్లీ పాట పెడతారు. పాట ఆడుతుంది. ఇంటికెళ్లి లోడ్ పెడితే మళ్లీ పడిపోతుంది. రోగం అక్కడే ఉంది, ఫోటోలే లేవు.

కాబట్టి జాబ్ షీటు మీద సంతకానికి ముందు 'డేటా చెరపరాదు, ఫార్మాట్‌కు అనుమతి లేదు' అని పెన్నుతో రాసి ఫోటో తీసుకోండి. సమస్య గడిలో వాళ్లు 'స్లో' అని రాస్తారు. కొట్టేయించి 'లోడ్‌లో రీస్టార్ట్, ఈవెంట్ 18' అని రాయించండి. ఆ గడిలో ఏముందో రేపు దానికే జవాబివ్వాలి.

చిప్పు తయారుచేసిన కంపెనీకి నేరుగా రాయాలనుకునే అమాయకులకు ఒక మాట. ల్యాప్‌టాప్‌లో వచ్చిన ప్రాసెసర్‌కు వారంటీ ల్యాప్‌టాప్ కంపెనీదే. చిప్పు కంపెనీ మిమ్మల్ని మళ్లీ అక్కడికే పంపుతుంది. 2015 ప్రాంతం నుంచి దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ప్రాసెసర్ బోర్డుకు టంకం వేసి వస్తోంది. అంటే ఒక కోర్ చెడితే బోర్డు మొత్తం మార్చాల్సిందే. 'నో ఫాల్ట్ ఫౌండ్' మీద అంత మమకారం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వారంటీ అయిపోయాక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అక్కడి కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో 'రీబాలింగ్ చేస్తే సెట్' అనేవాళ్లుంటారు. రీబాలింగ్ చిప్పు కింది టంకాన్ని బాగుచేస్తుంది. చిప్పు లోపల చెడిన కోర్‌ను బాగుచేయదు.

బోర్డు మార్చడానికి ఒప్పుకున్నారనుకోండి, ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోండి, 48 అంకెలు. బోర్డు మారితే భద్రతా చిప్పు కూడా మారుతుంది, డిస్కు ఆ కీ అడుగుతుంది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే మనం అడక్కుండానే ఎన్‌క్రిప్షన్ ఆనయి ఉండొచ్చు. కీ లేకపోతే ఈసారి ఫార్మాట్ పాపం మనదే. కొత్త బోర్డు బయాస్‌లో పాత సీరియల్ నంబరు ఎక్కించారో లేదో అక్కడే చూసుకోండి. మర్చిపోతే తర్వాతిసారి 'మీ ల్యాప్‌టాప్ మా రికార్డుల్లో లేదు' అంటారు. ఆ మాట పాట పెట్టకుండానే చెప్తారు.

అసలే ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్: 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, రెండేళ్ల గడువు. పరీక్షించకుండా దోషం తేలని వస్తువును ల్యాబ్‌కు పంపాలని అదే చట్టంలో ఉంది. చట్టం చేసినవాళ్లకు ల్యాబ్ తట్టింది, పాట తట్టలేదు.

ఇన్నీ అయ్యాక కౌంటర్ ముందు ఆఖరి ఘట్టం. "సార్, మీ ఫోన్‌కు హ్యాపీ కోడ్ వచ్చింది, చెప్పండి. రేటింగ్ పది ఇవ్వండి సార్, తొమ్మిదిస్తే మాకు కట్ అయితది." ఆ నాలుగంకెలూ చెప్పగానే మీ ఫిర్యాదు సంతోషంగా మూతపడుతుంది. అప్పుడే చెప్పకండి. అక్కడే, ఆ కౌంటర్ మీదే, ప్రైమ్95 ఒక గంట నడిపించండి. ఛార్జరు పెట్టే నడపాలి. బ్యాటరీ మీద ప్రాసెసర్ పూర్తి బలంతో పరుగెత్తదు, దోషం దాక్కుంటుంది. ప్లగ్గు ఖాళీ లేదంటారు. అందుకని ఇంటి నుంచే ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు సంచీలో వేసుకెళ్లండి, మూడు మీటర్ల వైరుది.