వచ్చే శుక్రవారం డాలస్, ఈలోగా కుక్కకో ఇల్లు చూడండి

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొన్నొక ప్రకటన వచ్చింది. "వచ్చే శుక్రవారం మేం డాలస్ షిఫ్ట్ అవుతున్నాం. మా బ్రూనోకి మూడేళ్లు. చాలా ప్రేమగా ఉంటాడు. మంచి కుటుంబానికి ఉచితంగా ఇవ్వబడును. బెడ్డు, గిన్నె, మిగిలిన ఫుడ్డు కూడా ఇచ్చేస్తాం. అర్జెంట్." కింద ఏడుపు బొమ్మ, దండం బొమ్మ. దానికి కాస్త పైన అదే ఫ్లాటు వాళ్లది ఇంకో ప్రకటన ఉంది, ఫ్రిజ్ అమ్మకానికి. ఫ్రిజ్‌కి మాత్రం ధర వేశారు, బేరాలు లేవని కూడా రాశారు.

ఏడుపు బొమ్మ గురించి నేనేమీ అనను. కన్నీళ్లు ఎవరివి వారివి. నాకు మింగుడుపడనిది ఆ 'వచ్చే శుక్రవారం'.

ఎందుకంటే విజయవాడ మనిషికి ముందుచూపు లేదని ఎవరన్నా అంటే నేను ఊరుకోను. పిల్లాడికి పాలపళ్లు పూర్తిగా ఊడకముందే ఐఐటీ ఫౌండేషన్‌లో పడేసే జాతి మనది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఎలా ఉందో, పాస్‌పోర్టులో అలాగే ఉందో లేదో భూతద్దం పెట్టి చూస్తాం. అమెరికా కాలేజీ నుంచి ఐ-20 కాగితం రాకముందే చిలుకూరు వీసా బాలాజీ గుడికి వెళ్లి 11 ప్రదక్షిణలు, వీసా స్టాంపింగ్ అయ్యాక మళ్లీ వెళ్లి 108. ఏ కన్సల్టెన్సీ ఏ పూట మెయిల్ పెడుతుందో, కాన్సులేట్‌లో ఏ విండోలో ఏ ఆఫీసరు కూర్చుంటే ఏ ప్రశ్న అడుగుతాడో కంఠతా వచ్చు.

ఇక ప్రయాణానికి సర్దడం చూడాలి. ఆవకాయకి ప్యాకెట్టు, ఆ ప్యాకెట్టుకి ఇంకో ప్యాకెట్టు, పైన టేపు, ఆ టేపు మీద నమ్మకం లేక పాత టవలు. సూట్‌కేసు 23 కిలోలు దాటకూడదు. తూకంలో 23.4 చూపిస్తే ఆ నాలుగు వందల గ్రాముల మీద ఇంటిల్లిపాదీ అర్ధరాత్రి దాకా సభ తీరుస్తారు. కందిపొడి తియ్యాలా, కారప్పొడి తియ్యాలా? గుంటూరు నుంచి మేనత్త ఫోన్లో తీర్పు చెబుతుంది: రెండూ ఉంచి పిల్లాడి జీన్స్ ప్యాంటు తియ్యండి. ఈ సభ మధ్యలోనే, ఆ సూట్‌కేసు పక్కనే, తోకాడిస్తూ ఇరవై ఎనిమిది కిలోల ప్రాణి కూర్చుని ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరూ తూకం వెయ్యరు.

అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "ట్రై చేశామండీ. రూల్స్ చాలా టఫ్."

సరే, ఆ టఫ్ సంగతేమిటో చూద్దాం. మొదట కుక్క మెడ వెనకాల చర్మం కింద మైక్రోచిప్ వేయించాలి. బియ్యపు గింజంత ఉంటుంది, దాంట్లో 15 అంకెల నంబరు. అది వేశాకే రేబిస్ టీకా. ముందు టీకా వేయించి తర్వాత చిప్ పెట్టిస్తే ఆ టీకా లెక్కలోకి రాదు. టీకా వేసిన 30 రోజులకి రక్తం తీసి గుర్తింపు ఉన్న ల్యాబుకి పంపాలి. మిల్లీలీటరుకి కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్ల యాంటీబాడీలు ఉన్నాయని వాళ్లు తేల్చాలి. దీన్నే టైటర్ టెస్టు అంటారు. రక్తం తీసిన రోజు నుంచి అమెరికాకైతే 28 రోజులు ఆగాలి, బ్రిటన్‌కీ యూరప్‌కీ మూడు నెలలు. కూడుకోండి. అమెరికాకి రెండు నెలలు, లండన్‌కి నాలుగు. ఎంసెట్‌లో వేలల్లో ర్యాంకు తెచ్చుకున్న బుర్రకి ఈ కూడిక కొరుకుడు పడలేదట!

2024 ఆగస్టు 1 నుంచి అమెరికా వాళ్లు నియమాలు ఇంకాస్త బిగించారు. కుక్కకి ఆరు నెలలు నిండాలి, ఫారం మీద మన ప్రభుత్వ పశువైద్యుడి ముద్ర పడాలి. ఇక్కడ టీకా వేసుకున్న కుక్క ఎక్కడపడితే అక్కడ దిగడానికీ వీల్లేదు. నియమం వచ్చినప్పుడు జాబితాలో ఉన్నవి ఆరే ఊళ్లు: అట్లాంటా, న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, మయామీ, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్. డాలస్ లేదు. టైటర్ లేకుండా తీసుకెళ్తే అక్కడ 28 రోజులు క్వారంటైన్, ఖర్చు మనదే. ఖర్చు ఎక్కువే, కాదనను. దారైతే ఉంది కదా! ఆస్ట్రేలియా వాళ్లలాగా ఇండియా నుంచి నేరుగా రానే రావద్దని అనలేదు కదా! (పిల్లికైతే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ రేబిస్ కాగితమే అడగదు. మన పిల్లుల నడకలో ఆ ధీమా ఎప్పటినుంచో ఉంది.)

గన్నవరం విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చిందని స్వీట్లు పంచుకున్నాం. కుక్కకి మాత్రం అది ఇప్పటికీ పల్లెటూరి బస్టాపే. దేశం దాటే జంతువుకి కాగితమిచ్చే క్వారంటైన్ కేంద్రం కావాలంటే హైదరాబాదో, చెన్నయ్యో పోవాల్సిందే. వీసాకి మనమూ హైదరాబాదే పోతాం గనక ఈ విషయంలో మనిషికీ కుక్కకీ సమానత్వం సాధించినట్టే.

తీసుకెళ్దామని నిజంగా నడుం కట్టినవాళ్లూ లేకపోలేదు. పటమటలో నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. ఆయన లాబ్రడార్ పేరు లడ్డూ. చిప్పు, టీకా, టైటర్ అన్నీ వేళకి చేయించాడు. పెట్టె మాత్రం ప్రయాణానికి రెండ్రోజుల ముందు తెప్పించాడు. అంత పెద్ద ప్లాస్టిక్ పెట్టె హాల్లోకి రాగానే వాళ్లమ్మగారు దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, తలుపుకి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టారు. పంతులుగారికి ఫోన్ చేస్తే కుక్క జన్మనక్షత్రం అడిగారు. తెలియదన్నారు. అయితే పేరుబలం చూద్దాం, 'ల' కదా అన్నారు.

లడ్డూ లోపలికి వెళ్లనంటే వెళ్లనంది. చికెన్ ముక్క వేస్తే వెనక కాళ్లు గుమ్మం బయటే ఉంచి, మెడ రబ్బరులా సాగదీసి తినేసి వచ్చేసింది. అప్పుడు లేచాడు ఆయన తమ్ముడు, ఇంట్లో పిల్లలందరికీ బాబాయి. ఇరిగేషన్‌లో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి, నియమం అంటే ప్రాణం. విమాన సంస్థల రూలు చదివించుకున్నాడు: పెట్టెలో జంతువు నిటారుగా నిలబడాలి, వెనక్కి తిరగాలి, మామూలుగా పడుకోవాలి. "నేను చేసి చూపిస్తా, అదే నేర్చుకుంటుంది" అని లుంగీ ఎగ్గట్టి లోపలికి పాకాడు. చూసి నేర్చుకోవడానికి లడ్డూ వచ్చి తలుపుకి ఆనుకుని కూర్చుంది. గొళ్లెం పడింది.

"నిలబడగలుగుతున్నావా?" అని అన్నగారు కాగితం పట్టుకుని అడిగాడు. "లేదన్నయ్యా." "తిరగగలవా?" "నడుం పట్టేసింది." "పడుకో." "అది కుదిరింది." మూడింట ఒకటి పాసు. గాలి ఆడుతోందా అని పిన్ని కంగారు పడితే, నాలుగు వైపులా జాలీ ఉందే అని లోపల్నుంచి గర్వంగా గొంతు. గొళ్లెం రావడం లేదు, వేలు పెడితే లడ్డూ నాకుతోంది. ఈలోగా బాబాయి కాఫీ వేళైంది. ఆ పెట్టెలో ఒక సౌకర్యం ఉంటుంది లెండి, తలుపు తెరవకుండా బయట్నుంచే నీళ్లు పోసేలా లోపల గిన్నె తగిలించి ఉంటుంది. పిన్ని అందులో ఫిల్టర్ కాఫీ పోసింది. పంచదార తక్కువైందని కూడా అన్నాడు. పిల్లలు వచ్చి పెట్టె మీద 'సజీవ జంతువు' స్టిక్కరూ, 'ఈ వైపు పైకి' బాణం గుర్తులూ అంటించారు. డాలస్‌లో ఉన్న అన్నగారి కూతురి నుంచి వీడియో కాల్ వచ్చింది. "పెట్టెలోకి వెళ్లిందా నాన్నా?" "ఆఁ, వెళ్లాడమ్మా, కాఫీ కూడా తాగాడు." చివరికి నట్లు విప్పి పై డొప్ప ఎత్తితే బాబాయి బయటపడ్డాడు. మిగిలిన కాఫీ కోసం లడ్డూ లోపలికి దూరింది.

రెండో అంతస్తు ఆవిడ సలహా ఇచ్చింది, ఓ అరముక్క మత్తుబిళ్ల వేసేస్తే పోలా అని. వెయ్యకూడదు. మత్తులో ఉన్న జంతువుకి రక్తపోటు పడిపోతుంది, ఊపిరి అందదు, విమానం ఊగితే నిలదొక్కుకోలేదు. అందుకే మత్తిచ్చిన కుక్కని విమానాల వాళ్లు ఎక్కించుకోరు. పగ్గులాంటి చప్పిడి ముక్కు కుక్కల్నయితే మత్తు లేకపోయినా వద్దనేవాళ్లు చాలామంది, వాటికి మామూలుగానే ఊపిరి కష్టం. లడ్డూ ఆ వారం వెళ్లలేదు. బాబాయే టికెట్ మార్పించి, పెట్టె తలుపు తీసే ఉంచి, రోజూ అన్నం అందులోనే పెట్టాడు. మూడు వారాలకి అది మధ్యాహ్నం నిద్ర కూడా అందులోనే పోయేది. అలా అలవాటయ్యాకే విమానం ఎక్కింది.

అన్ని కుక్కలకీ బాబాయిలుండరు.

బ్రూనోలు ఏమవుతారంటే, మొదట నూజివీడు తోట కథ చెబుతారు. "మా ఫ్రెండ్‌కి అక్కడ మామిడితోట ఉంది, హాయిగా తిరుగుతాడు." ఈ ఊరి నుంచి ఆ తోటకి వెళ్లాయని చెప్పిన కుక్కలన్నీ నిజంగా వెళ్లుంటే, నూజివీడులో రసాలకి చోటు మిగిలేది కాదు. కొందరు కుక్కని మోకాళ్ల నొప్పులున్న అమ్మ మీద వదిలేసి పోతారు. (ఆ అమ్మ సంగతి నేనెత్తను, దాని మీద వ్యాసాలు బోలెడొచ్చాయి.) మిగిలినవాళ్లు రాత్రిపూట కారేసుకుని కరకట్ట మీదికి పోతారు. షికారనుకుని కుక్క ఉత్సాహంగా దూకుతుంది. తలుపు పడుతుంది. కారు పోతుంది.

పుట్టి బుద్ధెరిగాక ఏసీ గదిలో గిన్నెలో తప్ప తినని కుక్కది. చెత్తకుప్పలో తిండి వెతకడం దానికి రాదు. ఆ కరకట్ట మీద పుట్టి పెరిగిన కుక్కలు దాన్ని ఒక్క పూటలో చీల్చేస్తాయి. అది హస్కీ అయితే, రోహిణి కార్తెలో ఎండే ఆ పని చేస్తుంది. అసలు బెజవాడలో హస్కీని కొన్నవాణ్ణి ఏమనాలో నాకు తెలుసు గానీ ఇక్కడ అచ్చుకాదు. బతికితే మాత్రం? మరుసటి ఏడు టీకా ఎవడు వేయిస్తాడు? రేబిస్‌తో ప్రపంచంలో చచ్చిపోయేవాళ్లలో మూడోవంతు పైగా మన దేశంవాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. నువ్వు వదిలిన కుక్క రేపు బడికెళ్లే పిల్లాణ్ణి కరిస్తే, వాళ్లమ్మ కూలి మానుకుని 0, 3, 7, 28 రోజుల లెక్కన టీకాల కోసం పెద్దాసుపత్రి లైన్లో నిలబడాలి. నువ్వు డాలస్‌లో కూర్చుని 'రూల్స్ టఫ్' అంటావు. ఆ రూల్స్ పుట్టింది నీలాంటివాళ్ల వల్లే కదయ్యా! మన దేశపు కుక్కంటే వాళ్లు భయపడుతున్నారంటే, ఆ భయాన్ని పెంచి పోషించింది ఎవరు? నాలుగు వందల గ్రాముల కందిపొడికి అర్ధరాత్రి దాకా మేలుకున్నవాడివి, మూడేళ్లు నీ మంచం పక్కన పడుకున్నదాని కోసం రెండు నెలల ముందు క్యాలెండరు చూళ్లేకపోయావా?

మరి చట్టం లేదా అంటారేమో. లేకేం! జంతువుల మీద క్రూరత్వ నిరోధక చట్టం 1960 నాటిది. సరైన కారణం లేకుండా జంతువుని ఆకలికీ దాహానికీ వదిలేసిపోతే నేరమని అందులో స్పష్టంగా రాశారు. మొదటిసారి చేస్తే జరిమానా పది రూపాయలకి తగ్గకుండా, యాభైకి మించకుండా. యాభై రూపాయలు! బెంజి సర్కిల్ దగ్గర ఇద్దరు మనుషులు తృప్తిగా పునుగులు తినలేని సొమ్ము. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే నూరు దాకా పెరుగుతుంది, జైలు కూడా పడొచ్చు. కాబట్టి డాలస్ బయల్దేరేవాళ్లకి నా సవినయ మనవి: విమానం టికెట్లు, ఆవకాయ ప్యాకింగు, ఎయిర్‌పోర్టు ట్యాక్సీ రాసుకున్న ఖర్చుల చీటీలో ఈ యాభై కూడా రాసుకోండి. చిల్లర తెచ్చుకోండి, పెద్ద నోటిస్తే పాపం వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు.