అరబ్బుల దగ్గర సంగీతం లేదా? ఆ ఫార్వర్డ్‌లో ఒక్కో మాటకీ జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన తిరుగుతూ ఉంటుంది. మాటలు మారతాయి కానీ సారం ఇదే: "అరబ్బు దేశాల్లో సంగీతం హరామ్, కాబట్టి అక్కడ సంగీతం లేదు. ఎవరైనా పాడితే మతం బతకనివ్వదు. ఇప్పుడు వినిపించేదంతా పాశ్చాత్య కాపీ. ఉన్న నాలుగు పాటలూ బెల్లీ డాన్సుకే పనికొస్తాయి. ఆడవాళ్ళకైతే గొంతే లేదు. మనకూ వాళ్ళ పాటకూ ఏ సంబంధమూ లేదు." దీన్ని పంపేవాళ్ళలో సంగీతం నేర్చుకున్నవాళ్ళు కూడా ఉండటం నాకు బాధ కలిగించింది. ప్రాణాల మీదికి వస్తుందని తెలిసీ పాడినవాళ్ళను అసలు లేనే లేరని తీసిపారేయడం అన్యాయం. అందుకే వరసగా జవాబు రాస్తున్నాను.

"హరామ్ కాబట్టి అక్కడ సంగీతం లేదు."

వాద్యాలు తగవనే పండితులు ఉన్న మాట నిజం. తగునని వాదించిన పండితులు ఉన్న మాటా అంతే నిజం. ఆ చర్చ వందల ఏళ్ళుగా సాగుతోంది. సౌదీ రాజధాని రియాద్‌లో ఏళ్ళ తరబడి బహిరంగ కచేరీలు జరగలేదు, 2017లోనే మళ్ళీ మొదలయ్యాయి. కానీ కచేరీలు లేనంత మాత్రాన పాట లేకుండా పోలేదు. అదే సౌదీలో తలాల్ మద్దా అనే గాయకుడికి దేశమంతా అభిమానులు ఉండేవాళ్ళు. 2000 ఆగస్టులో అబహా పట్టణంలో వేదిక మీద కూర్చుని, ఊద్ వాయిస్తూ పాట ఎత్తుకుంటున్నప్పుడే కుప్పకూలి చనిపోయారు. టీవీలో ఆ కచేరీ లైవ్ వస్తోంది. (ఊద్ అంటే గుండ్రటి పొట్ట, పొట్టి మెడ ఉన్న తంత్రీవాద్యం. మన వీణకు ఉన్నట్టు దీనికి మెట్లు ఉండవు.)

ఈజిప్టు సంగతి చూడండి. అక్కడి గాయని ఉమ్ కుల్సూమ్ తండ్రి ఒక పల్లెటూరి మసీదులో ఇమామ్. కూతురికి భక్తి పాటలు నేర్పి, మగపిల్లాడి బట్టలు తొడిగి, ఊరూరా తీసుకెళ్ళి పాడించింది ఆయనే. చిన్నప్పుడు ఖురాన్ పఠనంలో అబ్బిన స్పష్టమైన ఉచ్చారణ ఆమెకు జీవితాంతం ఉపయోగపడింది. నెలలో మొదటి గురువారం రాత్రి ఆమె కచేరీ రేడియోలో వస్తుంటే మొరాకో నుంచి ఇరాక్ దాకా జనం రేడియోల చుట్టూ చేరేవాళ్ళు. 1975లో ఆమె చనిపోయినప్పుడు లక్షల మంది కైరో వీధుల్లోకి వచ్చారు. మతమూ పాటా ఒకే ఇంట్లో పెరిగిన కథ ఇది.

పైగా అరబ్బులందరూ ముస్లింలు కారు. లెబనాన్‌కు చెందిన గాయని ఫైరూజ్ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. బేరూత్‌లోనూ డమాస్కస్‌లోనూ పొద్దున కాఫీ వేళకి ఆమె పాట పెట్టుకోవడం అన్ని మతాల ఇళ్ళలోనూ ఉన్న అలవాటు.

"పాడితే మతం బతకనివ్వదు."

ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. అల్జీరియాలోని ఒరాన్ నగరంలో షెబ్ హస్ని అనే రాయ్ గాయకుడు ఉండేవాడు. రాయ్ అంటే ఆ రేవు పట్టణం వీధుల్లో పుట్టిన పాట. హస్ని పాడినవి చాలావరకు మెత్తటి ప్రేమ పాటలే. 1990లలో ఆ దేశం అంతర్యుద్ధంలో కాలిపోతున్నప్పుడు చాలామంది గాయకులు ఫ్రాన్స్ వెళ్ళిపోయారు. హస్ని మాత్రం ఒరాన్‌లోనే ఉండిపోయాడు. 1994 సెప్టెంబరు 29న సొంత ఇంటి దగ్గరే అతన్ని కాల్చి చంపారు. అప్పటికి అతని వయసు 26. ఆ హత్య ఇస్లామిస్టు సాయుధ ముఠాల పనేనని అక్కడ అందరూ నమ్ముతారు. కానీ హస్నిని చంపినవాళ్ళ సంగతి చెప్పి, హస్ని కోసం ఏడ్చిన వాళ్ళను వదిలేస్తే అది సగం కథే అవుతుంది. ఆ వినేవాళ్ళూ ముస్లింలే, అతనూ ముస్లిమే. రాయ్ చావలేదు. 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరింది.

ఇక మార్సెల్ ఖలీఫె కేసు. ఈయన లెబనాన్‌కు చెందిన ఊద్ విద్వాంసుడు, క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్ రాసిన ఒక కవితకు బాణీ కట్టారు. అందులో యూసుఫ్ తన తండ్రితో మొర పెట్టుకుంటాడు: అన్నదమ్ములు నన్ను ప్రేమించరు, నేను వాళ్ళ మధ్య ఉండటమే ఓర్వరు, నేనేం తప్పు చేశానని. పదకొండు నక్షత్రాలూ సూర్యచంద్రులూ తనకు మొక్కినట్టు కల వచ్చిందని చెప్పడమే నేరమా అని చివర్లో అడుగుతాడు. ఆ కల మాట ఖురాన్‌లోని యూసుఫ్ సూరా (అధ్యాయం)లోది. ఖురాన్ వాక్యాన్ని ఊద్ మీద పాడటం మతాన్ని కించపరచడమేనని ఆయన మీద కేసు పెట్టారు. ఇంతవరకే చెబితే ఫార్వర్డ్‌కి బలం వచ్చినట్టే కనిపిస్తుంది. కానీ అరబ్బు దేశాల రచయితలూ కళాకారులూ ఆయన పక్షాన నిలబడ్డారు. 1999 డిసెంబరులో బేరూత్ కోర్టు ఆయన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. సొంతవాళ్ళే తరిమేసిన వాడి గోడును పాలస్తీనా వాళ్ళు ఆ పాటలో తమ గోడుగా విన్నారు. ఆయన ఆ తర్వాత కూడా దాన్ని పాడుతూనే ఉన్నారు.

ఈజిప్టులో గొంతు నొక్కింది మతం కాదు, ప్రభుత్వం. 2011లో తహ్రీర్ చౌక్‌లో గిటార్ పట్టుకుని అప్పటి అధ్యక్షుడు ముబారక్‌ను దిగిపొమ్మని పాడిన కుర్రాడు రామీ ఎస్సామ్. ముబారక్ దిగిపోయిన తర్వాత, మార్చి 9న సైనికులు అతన్ని పక్కనే ఉన్న ఈజిప్షియన్ మ్యూజియం ఆవరణలోకి లాక్కెళ్ళి చిత్రహింసలు పెట్టారు. 2014లో స్వీడన్ వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి 2018లో అధ్యక్షుడు సీసీని విమర్శిస్తూ ఒక పాట విడుదల చేస్తే, దాని వీడియో తీసిన యువ దర్శకుడు షాదీ హబాష్‌ను కైరోలో జైల్లో పెట్టారు. విచారణే జరగకుండా రెండేళ్ళు గడిచాక, 2020 మేలో అతను తోరా జైల్లోనే చనిపోయాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో, పేటల్లో పుట్టిన మహ్రగానాత్ అనే హుషారు పాటల్ని వేదికల మీద పాడకూడదని నిషేధించింది కూడా మత సంస్థ కాదు, సంగీతకారుల సంఘమే. పాటను భయపెట్టే చేతులు చాలా ఉన్నాయి. ఒక్క మతాన్నే చూపిస్తే మిగిలినవాళ్ళందరూ తప్పించుకుంటారు.

"అంతా పాశ్చాత్య కాపీ."

దీనికి జవాబు ఒక ట్రంపెట్‌లో ఉంది. మామూలు ట్రంపెట్‌కు మూడు వాల్వులు ఉంటాయి. వాటితో పాశ్చాత్య సంగీతంలోని పన్నెండు స్వరస్థానాలూ పలుకుతాయి. అరబ్బు సంగీతంలో మన రాగం స్థానంలో మకామ్ ఉంటుంది. చాలా మకాముల్లో కొన్ని స్వరాలు ఆ పన్నెండింటి మధ్య సందుల్లో నిలబడతాయి. ఉదాహరణకి రాస్త్ మకామ్‌లో గాంధారం మన సాధారణ గాంధారం కంటే పైన, అంతర గాంధారం కంటే కింద ఉంటుంది. ఆ స్వరం మామూలు ట్రంపెట్ మీద సూటిగా పలకదు. లెబనాన్ నుంచి ప్యారిస్ వెళ్ళి ట్రంపెట్ నేర్చుకున్న నసీమ్ మాలూఫ్‌కు ఇది పెద్ద సమస్య అయింది. ఆయన తన సంగీతాన్ని వాద్యానికి తగ్గట్టు కుదించుకోలేదు, వాద్యాన్నే మార్పించారు. స్వరాన్ని పావు స్వరం దించే నాలుగో వాల్వు చేర్పించారు. ఆయన కొడుకు ఇబ్రహీం మాలూఫ్ ఇవాళ ప్రపంచమంతా తిరిగి వాయిస్తున్నది ఆ నాలుగు వాల్వుల ట్రంపెట్టే. అతను 1980లో బేరూత్‌లో పుట్టాడు, యుద్ధం వల్ల ఆ కుటుంబం ఫ్రాన్స్‌లో స్థిరపడింది. కర్ణాటక సంగీతం వినే చెవి ఉన్నవాళ్ళు ఒక్కసారి విని చూడండి. ఆ స్వరం శృతి తప్పింది కాదు, కావాలని అక్కడ నిలిపింది అని రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఈ స్వరాలను ఎలా కొలవాలి, పియానోను తెచ్చుకోవాలా వద్దా అని 1932లోనే కైరోలో పెద్ద సమావేశం జరిగింది. హంగేరీ నుంచి బార్టోక్, జర్మనీ నుంచి హిండెమిత్ వంటి స్వరకర్తలు దానికి వచ్చారు. నజరేత్‌కు చెందిన జుబ్రాన్ కుటుంబం తరతరాలుగా ఊద్‌లు తయారు చేస్తోంది. ఆ ఇంటి ముగ్గురు అన్నదమ్ములు కలిసి ఊద్ వాయిస్తారు. వాళ్ళలో విస్సామ్ వయొలిన్‌లకు పేరుపడ్డ ఇటలీ ఊరు క్రెమోనా వెళ్ళి వాద్యాల తయారీ చదువుకుని వచ్చాడు. ముగ్గురూ వాయించే ఊద్‌లు అతని చేతి పనే. పశ్చిమం నుంచి నేర్చుకోవడం వేరు, కాపీ కొట్టడం వేరు.

కాపీ గురించే మాట్లాడాలంటే మన దగ్గరా ఉంది. 2004లో వచ్చిన హిందీ సినిమా 'మర్డర్'లోని 'కహో నా కహో' బాణీ ఈజిప్టు గాయకుడు అమ్ర్ దియాబ్ 2000లో పాడిన పాటది. 2006లో ఊరూరా మోగిన 'యా అలీ' బాణీ కువైట్ బృందం గిటారాది.

"బెల్లీ డాన్సుకే పనికొస్తాయి."

నాట్యం కోసం పాట కట్టడంలో తప్పేమీ లేదు. కానీ అంతకు మించి ఏమీ లేదంటే మాత్రం నసీర్ షమ్మాను వినాలి. ఈయన ఇరాకీ. 1991 ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లో జనం బాంబుల నుంచి తలదాచుకున్న అమిరియా షెల్టర్ మీద అమెరికా బాంబులు పడి నాలుగు వందల మందికి పైగా సామాన్యులు చనిపోయారు. ఆ షెల్టర్ పేరుతో నసీర్ ఊద్ మీద ఒక రచన చేశారు. మాట లేదు, తాళవాద్యం లేదు. ఒక్క ఊద్ మీదే సైరన్ పలుకుతుంది, ఆ తర్వాత బాంబులు, కేకలు. విని పదేళ్ళు దాటినా ఆ సైరన్ తీగ నాకింకా గుర్తుంది. ఇరాన్‌తో యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళు కూడా వాయించగలిగేలా ఒంటి చేతి పద్ధతిని కూడా రూపొందించారు ఆయన.

ట్యునీషియాలో స్ఫాక్స్ పట్టణపు రాపర్ ఎల్ జనరాల్ 2010 చివర్లో దేశాధ్యక్షుణ్ణే పిలిచి, నీ జనం ఎలా బతుకుతున్నారో చూడమని పాడాడు. జనవరి 6న పోలీసులు అతన్ని పట్టుకుపోయారు, జనం గోల చేస్తే కొద్ది రోజులకే వదిలారు. జనవరి 14న అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు.

"ఆడవాళ్ళకు గొంతే లేదు."

ఉమ్ కుల్సూమ్, ఫైరూజ్ పేర్లతోనే ఈ మాట కూలిపోతుంది. ఈ తరంలో కావాలంటే ట్యునీషియా గాయని ఎమెల్ మత్లూథీ. 2011 జనవరిలో ట్యూనిస్ నడివీధిలో, నిరసనకారుల మధ్య చేతిలో కొవ్వొత్తితో వాద్యం లేకుండా పాడింది. 2015లో ఓస్లోలో నోబెల్ శాంతి బహుమతి కార్యక్రమంలో మళ్ళీ అదే పాట పాడింది. నజరేత్‌కు చెందిన రీమ్ బన్నా మరుగున పడిపోతున్న పాలస్తీనా పిల్లల పాటల్ని వెతికి పట్టుకుని పాడింది. కేన్సర్‌తో పాడే గొంతు పోతే, తన స్కాన్‌లనే ధ్వనిగా మార్పించి చివరి ఆల్బమ్ చేయించింది. 2018 మార్చిలో చనిపోయింది.

"మనకూ వాళ్ళకూ సంబంధం లేదు."

హైదరాబాద్ బార్కస్‌లో ఉండేవాళ్ళలో చాలామంది యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చినవాళ్ళ వారసులు. వాళ్ళతోనూ, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతోనూ మన ఊరికి మర్ఫా వచ్చింది. హైదరాబాద్‌లో పెళ్ళి బరాత్ ముందు మోగే ఆ డప్పుల మోతకు స్టెప్పులేసిన వాళ్ళ ఫోన్లలోనూ ఈ ఫార్వర్డ్ తిరుగుతూనే ఉంటుంది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన కరీంనగర్, నిజామాబాద్, కడప వాళ్ళు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. అక్కడ టాక్సీల్లో, టీ కొట్లలో ఏ పాటలు మోగేవో వాళ్ళనే అడగండి.